ఇంట్లోంచి మొదట ఎదురొచ్చేది

మా సారుకు నీటికాసులు వచ్చి చూపు పోయాక, ఆయనకు పుస్తకం చదివి వినిపించే పని నా మీద పడింది. పడింది అనకూడదు, నేనే నెత్తికెత్తుకున్నాను. డిగ్రీలో నాకు చరిత్ర చెప్పిన మనిషి ఆయన. రిటైరయ్యాక భూపాలపల్లిలో కూతురి దగ్గర ఉండేవాడు. నేను మహబూబాబాద్‌లో, మేమంతా మానుకోట అని పిలుచుకునే ఊళ్లో, జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌ని. ఆదివారం పొద్దున్నే బయలుదేరి రెండు బస్సులు మారితే పదకొండింటికల్లా ఆయన ముందు కూర్చునేదాన్ని. మా సొంతూరు కొడకండ్ల పక్కన. ఇప్పుడు ఈ మూడు చోట్లూ మూడు జిల్లాల్లో ఉన్నాయి. అప్పుడు అన్నీ ఒకటే జిల్లా. తెలంగాణ ఇంకా రాలేదు, రావాలని రోజుకో బందు, వారానికో రాస్తారోకో జరుగుతున్న కాలం.

సారు నాతో చదివించుకునేది యూదుల గ్రంథం. చర్చికి పోయేవాళ్లు తమ గ్రంథంలో మొదటి భాగంగా చదువుకునేదే. కానీ సారు దగ్గర ఉన్నది యూదులు తమ కోసం అచ్చు వేసుకున్న ఇంగ్లీషు ప్రతి. పేజీ మధ్యలో నాలుగు లైన్ల మూలం, చుట్టూ చీమల బారు లాంటి అక్షరాల్లో వందల ఏళ్ల పండితుల వ్యాఖ్యానం. ఒకాయన ఒకటంటాడు, పక్కనే ఇంకొకాయన కాదంటాడు, ఎవరిది ఒప్పో ఎవరూ తేల్చరు. పట్నంలో పాత పుస్తకాల బండి మీద దొరికిందట. సారు క్రైస్తవుడు కాదు. యూదుణ్ణి జన్మలో చూసినవాడూ కాదు. ఏడాదికోసారి చిల్పూరు గుట్టెక్కి వెంకటేశ్వరస్వామికి మొక్కు చెల్లించి వచ్చే కుటుంబం వాళ్లది. అయినా వీధిలో అందరూ సారు మతం మారాడనే అనుకున్నారు. ఒక పాస్టరు సంతోషపడి రెండుసార్లు వచ్చాడు. సారు అడిగే ప్రశ్నలు విని మూడోసారి రాలేదు.

నాకు భక్తి తక్కువ, ఓపిక ఇంకా తక్కువ. మొదటి నెలంతా విసుక్కుంటూ చదివాను. పేర్ల జాబితాలు, బలిపీఠం కొలతలు, ఎవరు ఎవరిని కన్నారో. నేను గబగబా దాటేయబోతే సారు చెయ్యి ఎత్తి ఆపేవాడు. ఆయనకు ఒక పద్ధతి ఉండేది. నాలుగు లైన్లు చదివాక పుస్తకం మూయమనేవాడు. "రాసింది ఎవలన్న చదువుతరు బిడ్డా. రాయంది అడుగు," అనేవాడు. నేను ఏదో ఒకటి అడగాలి. ఆ తర్వాతే వ్యాఖ్యానం చదవాలి. మధ్యాహ్నం బొగ్గు గని ఓపెన్‌కాస్టులో బాంబులు పేల్చినప్పుడు కిటికీ రెక్కలు అదిరేవి. అప్పుడు ఒక్క నిమిషం ఆగి, పేజీ మీద పడ్డ దుమ్ము ఊదుకుని మళ్లీ మొదలుపెట్టేదాన్ని.

ఒక సేనాపతి కథ దగ్గరికి మేము చివరి నుంచి వచ్చాం. అందులో ఒక చోట, ఒకే జాతిలోని రెండు పక్షాలు కొట్టుకుంటాయి. గెలిచినవాళ్లు నది రేవు దగ్గర కాపలా నిలబడి, దాటబోయే ప్రతి మనిషి చేత ఒక మాట పలికిస్తారు. తమలాగా పలకలేనివాణ్ణి అక్కడే నరికేస్తారు. చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. మా యాసను సినిమాల్లో రౌడీలకూ పనివాళ్లకూ పెట్టి నవ్వించిన రోజులు అవి. పట్నం హాస్టల్లో మా తమ్ముడు నోరు విప్పితే పక్క గదివాళ్లు వెక్కిరించేవారు. ఈ కథ ఉద్యమం ఆటపాటల ధూంధాంలో చెప్తే బాగుంటుంది సార్ అన్నాను. సారు తొందరపడలేదు. రేవు దగ్గర కత్తి పట్టుకున్న నాయకుడు ఎవడో ఒక పేజీ వెనక్కి తిప్పి చూడమన్నాడు.

తిప్పి చూశాను. వాడు ఒకప్పుడు సొంత అన్నదమ్ములు ఇంట్లోంచి వెళ్లగొట్టినవాడు. వేరే ఆడదాని కొడుకువి, నీకు వాటా లేదని తరిమేస్తే అడవి పట్టిపోయాడు. యుద్ధం వచ్చాక ఊరిపెద్దలే వెళ్లి కాళ్లావేళ్లా పడి తెచ్చుకుని సేనాపతిని చేశారు. అవమానపడ్డవాడే రేపు రేవు దగ్గర కత్తి పట్టుకుంటాడన్న మాట. నా ధూంధాం ముచ్చట అక్కడితో ఆగిపోయింది.

ఆ రెండింటికీ మధ్యలో ఉంది అసలు కష్టమైన భాగం. యుద్ధానికి పోయే ముందు అతను దేవుడికి మొక్కుతాడు. నన్ను గెలిపిస్తే, క్షేమంగా ఇల్లు చేరినప్పుడు నా గడపలోంచి మొదట ఎదురొచ్చేదాన్ని నీకు బలి ఇస్తానంటాడు. గెలుస్తాడు. తిరిగి వస్తే, డప్పు కొట్టుకుంటూ ఆడుకుంటూ ఒక్కగానొక్క కూతురు ఎదురొస్తుంది. అతను బట్టలు చింపుకుని, నన్ను నాశనం చేశావు కదా అని ఆ పిల్లనే అంటాడు. నోరు జారింది తను, నింద బిడ్డకు. ఆ పిల్ల రెండు నెలలు గడువు అడిగి, స్నేహితురాళ్లతో కొండల్లో తిరిగి ఏడ్చి వెనక్కి వస్తుంది. మొక్కుకున్నట్టే అతను చేశాడని ఒక్క ముక్కలో ముగిస్తారు. చంపాడని కొందరు పండితులు, చంపలేదు, పెళ్లి లేకుండా ఒంటరిగా ఉంచాడని కొందరు.

పుస్తకం మూసి అడగమన్నాడు సారు. కుక్క ఎదురొస్తే ఏం చేసేవాడు, అని అడిగాను. మా ఇంట్లో అయితే మొదట వచ్చేది కుక్కే. సారు నవ్వి వ్యాఖ్యానం చదవమన్నాడు. చూస్తే ఆ పండితులూ అదే అడిగారు, కుక్కో గాడిదో ఎదురొస్తే ఇచ్చేవాడా అని. ఎప్పటివాళ్లో, ఎక్కడివాళ్లో, కొడకండ్ల పక్కన ఒక ఆడపిల్లకు తట్టింది వాళ్లకూ తట్టిందని నాకు కాస్త గర్వం కలిగింది. ఆ గర్వంతోనే ఇంకో మాట అన్నాను. మా వైపు బయటికి పోయిన మనిషి ఇంటికొస్తే, చెంబుతో కాళ్లకు నీళ్లు తెచ్చిచ్చేది బిడ్డే. ఊహ తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో అది నా పని. మేము బాపు అని పిలిచే నాన్న అడుగుల చప్పుడు వాకిట్లో వినిపిస్తే చాలు, చెంబు నా చేతిలో ఉండేది. కాబట్టి ఆ సేనాపతికి తెలుసు. తన గడపలోంచి మొదట ఎవరొస్తారో తెలియని తండ్రి ఉండడు. తెలిసే అన్నాడు, దేవుడు ఏదో ఒకటి అడ్డం వేస్తాడులే అనుకుని అన్నాడు.

సారు ఆ మాట మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాడు. ఇది పుస్తకంలో లేదు బిడ్డా, రాసిపెట్టుకో అన్నాడు. బస్సులో మానుకోట దాకా నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ తర్వాత రెండు రోజులకు బందు వచ్చి కాలేజీ మూసేస్తే ఊరికి పోయాను. కొడకండ్లలో రోడ్డు పక్కన టెంటు వేసి రిలే నిరాహార దీక్షలు చేస్తున్నారు. ఆ రోజు మా ఊరివాళ్ల వంతు. మా బాపు పత్తి, వరి పండించే మామూలు రైతు. నలుగురిలో మాట్లాడే అలవాటు లేదు కానీ, అన్న మాట మీద నిలబడతాడని పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. ఎవరో మైకు చేతికిచ్చారు. ముందు తడబడ్డాడు. తర్వాత డప్పుల హోరులో ఊపు వచ్చింది.

"నాకు ఒక్కడే కొడుకు," అన్నాడు. "వాన్ని తెలంగాణకు ఇచ్చిన. పానం గావాల్నంటే పానం. ఇగ వాడు నా కొడుకు గాదు, మీ అందరి కొడుకు."

టెంటంతా లేచి చప్పట్లు కొట్టింది. పట్నంలో పీజీ చదువుతూ ఉద్యమం పని మీద ఊరికొచ్చిన మా తమ్ముడు అక్కడే బ్యానరు కట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాణ్ణి ముందుకు తోసి దండ వేశారు. నేనూ చప్పట్లు కొట్టాను. రెండు రోజుల ముందే ఆ సేనాపతిని బోనులో నిలబెట్టినదాన్ని, మా బాపు మాట విని గర్వంతో కళ్లు తుడుచుకున్నాను.

ఆ నెలల్లో పేపరు తెరిస్తే ఎక్కడో ఒకచోట, చదువుకునే పిల్లవాడు రాష్ట్రం కోసమని ప్రాణం తీసుకున్న వార్త ఉండేది. మొదట్లో పేరు, ఊరు చదివేవాళ్లం. తర్వాత తర్వాత ఫోటో చూసి పేజీ తిప్పడం అలవాటైంది.

గురువారం మా అవ్వ ఫోన్ చేసింది. మేము అమ్మను అవ్వ అంటాం. ఆమె ఫోన్‌లో మొదట పత్తి గురించి, పక్కింటి గొడవ గురించి చెప్తుంది. అసలు సంగతి చివర్లో వస్తుంది. ఆ రోజు చివర్లో వచ్చింది ఏమిటంటే, తమ్ముడు తన కొత్త అంగీలు రెండూ మా మేనమామ కొడుక్కి ఇచ్చేశాడట. సెల్‌ఫోన్ కూడా నీ దగ్గరే ఉంచుకోమని వాడికే ఇచ్చాడట. లైబ్రరీ పుస్తకాలు కట్టగట్టి పెట్టాడట. "ఎందుకురా అంటె, నాకెందుకే అవి అన్నడు," అంది. నేను ఉద్యమంలో తిరిగేవాళ్లకు ఇలాంటి వైరాగ్యాలు మామూలేనని ఏదో చెప్పి పెట్టేశాను. పెట్టేశాక, పేపర్లో చూసి తిప్పేసిన ఆ ఫోటోలు గుర్తొచ్చాయి. శుక్రవారం క్లాసులు చెప్పాను, శనివారం పేపర్లు దిద్దాను. బాపుతో మాట్లాడాలని అనిపించింది. కానీ తండ్రికి బుద్ధి చెప్పడానికి నేనెవర్ని అనుకున్నాను. తమ్ముడితో మాట్లాడదామంటే వాడి దగ్గర ఫోన్ లేదు. ఆదివారం యథాప్రకారం భూపాలపల్లి బస్సెక్కాను.

ఆ రోజు మిగిలిన వ్యాఖ్యానం చదవాల్సి ఉంది. అందులో ఒక పండితుడు రాసింది ఇది. అలాంటి మొక్కును విడిపించే దారి వాళ్ల ధర్మంలోనే ఉంది. శాస్త్రం తెలిసిన పెద్దమనిషి ముందుకు వెళ్లి, తప్పుగా అన్నానని ఒప్పుకుంటే చాలు, ఆయన విడుదల చెప్తాడు. ఆ కాలంలో ప్రధాన యాజకుడు బతికే ఉన్నాడు. కానీ సేనాపతి, నేను నాయకుణ్ణి, ఆయన దగ్గరికి నేను పోవడమేమిటి అనుకున్నాడు. యాజకుడు, అవసరం వాడిది, వాడే రానీ అనుకున్నాడు. ఇద్దరి భేషజం మధ్య ఆ పిల్ల పోయింది.

కిటికీ అదరలేదు, బాంబులు పేలే వేళ కాలేదు, అయినా ఆగాను. ఏమైందని సారు అడిగాడు. టెంటు దగ్గర బాపు అన్న మాట, చప్పట్లు, అంగీల సంగతి అంతా చెప్పాను. ఎప్పుడు తెలిసింది అని అడిగాడు. గురువారం అన్నాను.

"మీ బాపు కొడుకు దగ్గరికి పోడు, పెద్దరికం. నీ తమ్ముడు బాపును అడుగడు, పౌరుషం," అన్నాడు సారు. "గురువారం సంది ఎరికుండి నువ్వు ఈడ కూసోని నాకు చదువుతున్నవు. నీదేంది బిడ్డా?"

నాకు చాలా కోపం వచ్చింది. ఎండలో ఇంత దూరం వచ్చి చదివిపెడుతున్నందుకు ఇదా ప్రతిఫలం అనుకున్నాను. పుస్తకం టపీమని మూసి, చెప్పులు వేసుకుని వచ్చేశాను. హనుమకొండ దాకా ఆయన్ని మనసులో తిడుతూనే ఉన్నాను. అక్కడ మానుకోట బస్సు నిలబడి ఉంది. నేను తొర్రూరు బస్సెక్కాను.

తొర్రూరులో దిగి ఆటోలో ఊరు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. వాకిట్లోకి అడుగు పెట్టగానే ఇంట్లోంచి చెంబుతో నీళ్లు తెచ్చింది మా తమ్ముడు. నేను ఉద్యోగానికి పోయాక, వాడు ఊళ్లో ఉన్న రోజుల్లో ఆ పని వాడికి వచ్చిందని నాకు ఆ రోజే తెలిసింది. అంటే ఇప్పుడు బాపు బయటి నుంచి ఇల్లు చేరితే మొదట ఎదురొచ్చేది వీడే. చెంబు అందుకుని గబగబా కాళ్లు కడుక్కున్నాను. జీవితంలో అంత భయపడింది అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

తిన్నాక బాపు మంచం మీద కూర్చున్నాడు. తమ్ముడు అరుగు మీద అటు తిరిగి ఉన్నాడు. అవ్వ లోపల గిన్నెలు సర్దుతోంది. నాకు ఉపదేశం చేయడం రాదు. సారుకు చదివిపెడుతున్న పుస్తకంలో ఒక కథ ఉంది బాపూ అని మొదలుపెట్టి సేనాపతి కథ మొత్తం చెప్పాను, మొక్కు నుంచి భేషజం దాకా. బాపు మధ్యలో ఊ కొడుతూ విన్నాడు. అయిపోయాక చుట్ట ఆర్పేసి ఒక్కటే అడిగాడు.

"గా పిల్ల తల్లి ఏడవోయింది?"

ఆ కథలో తల్లి ఎక్కడా లేదు. నేను, సారు, అంతమంది పండితులు, ఎవరమూ అడగని ప్రశ్న అది. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఎవలన్న అడిగిండ్రా ఆమెను?" అంది అవ్వ లోపలి నుంచే.

తమ్ముడు లేచి పోలేదు, అదొక్కటే నాకు ధైర్యం. చివరికి బాపే, నా వైపు కాదు, నేల వైపు చూస్తూ, నలుగురిలో అన్న మాట ఇప్పుడు కాదంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలని అడిగాడు. నలుగురిలో అన్నావు, నలుగురిలోనే కాదను అన్నాను. ఆయన పడుకోవడానికి పోయాడు.

పొద్దున్నే బాపు తెల్ల ధోతి కట్టుకుని టెంటుకు పోయాడు. నేను వెనకే పోయాను. మైకు అడిగి తీసుకుని ముందు భుజం మీది తువ్వాల తీసి నేల మీద పరిచాడు. మా వైపు తప్పు చేసినవాడు ఊరి ముందు చేసే పని అది. ఏం తప్పు చేశాడని పరిచాడో ఎవరికీ అర్థం కాలేదు.

"మొన్న నేను తప్పు మాట్లాడిన," అన్నాడు. "కొడుకు పానం ఇచ్చిన అన్న. అది నాది గాదు, నేనెట్ల ఇస్త? ఆ మాట వాపస్ తీసుకుంటున్న. దీక్షల నా పేరు రాసుకోండ్రి, ఎన్ని రోజులంటె అన్ని రోజులు కూసుంట."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక ఎవరో, ముసలాయన భయపడ్డడు అని నవ్వారు. మైకు పట్టే మనిషి గబగబా వచ్చి నినాదం అందుకున్నాడు. బాపు తువ్వాల దులిపి భుజాన వేసుకుని దీక్షలో కూర్చున్నాడు. అన్న మాట మీద నిలబడతాడన్న పేరు ఆ ఒక్క పూటతో పోయింది. ఆయన ముఖం చూడలేక నేను రోడ్డు వైపు చూశాను. తమ్ముడు టీకొట్టు దగ్గర నిలబడి విన్నాడు. మాట అయిపోగానే వెళ్లిపోయాడు. ఏమనుకున్నాడో నాకు అర్థం కాలేదు. నాకు కాలేజీ ఉంది, మధ్యాహ్నం బస్సుకు మానుకోట వచ్చేశాను.

ఆ వారం ఎలా గడిచిందో చెప్పలేను. ఫోన్ మోగితే భయం, మోగకపోతే భయం. ఆదివారం సారు దగ్గరికి పోయాను. ఆయన క్షమించమనలేదు, నేనూ అనలేదు. బాపు అడిగిన ప్రశ్న చెప్పాను. ఆ తల్లి గురించి వెతకమన్నాడు. ఆ పేజీ, దాని ముందు పేజీ, తర్వాత పేజీ, చీమల బారంతా వెతికాను. మా ప్రతిలో ఎక్కడా లేదు. మీ బాపు అడిగింది అంచులో పెన్సిల్‌తో రాయి అన్నాడు సారు. రాస్తుండగా అవ్వ ఫోన్ చేసింది. పెన్సిల్ కింద పెట్టి, రెండోసారి మోగాక ఎత్తాను.

ఆ రోజు ఆమె పత్తి గురించి మొదలుపెట్టలేదు. "నీ తమ్మునికి జర సిగ్గుశరం లేకుంటవోయింది," అంది. పొద్దున లేచి మేనమామ ఇంటికి పోయి, ఇచ్చేసిన అంగీ వాపస్ అడిగాడట. నీలం గీతలది, వేసుకోవడానికి అదే బాగుంటుందని. ఇచ్చింది మళ్లీ అడగడం మా ఇంటా వంటా లేదని, వదినె ముందు తల కొట్టేసినట్టయిందని చెప్పుకుపోతోంది. తిడుతున్నదో ఏడుస్తున్నదో తెలియడం లేదు.

బాపు ఏమీ అనలేదా అని అడిగాను.

"ఏమంటడు," అంది అవ్వ. "అడగనీకె వానికి తోడు వోయిందే మీ బాపు."